చెయ్యి ఆనించే పని

హోసూరు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లుగా నాది మెయింటెనెన్స్ పని. షిఫ్టు మారేటప్పుడు మెషీన్ ఆపి, బేరింగ్ మీద అరచెయ్యి ఆనించి ఐదు లెక్కపెడతాను. అంతసేపు ఓర్చుకోగలిగితే నడపొచ్చు. ముందువాళ్లు మాకు నేర్పిన లెక్క ఇది. సెన్సర్లు వచ్చాయి, పాడయ్యాయి. చివరికి అందరూ మళ్లీ నా చెయ్యే అడుగుతారు.

పోయిన వారం ఒక మెషీన్ మీద చెయ్యి పెట్టి, "ఏమీ లేదు, నడుపు" అన్నాను. గంటకల్లా బేరింగ్ బిగుసుకుపోయి పొగ లేచింది. తప్పంతా గ్రీజుదేనన్నారు. నేనూ ఊకొట్టాను. ఇంటికొచ్చి చూసుకుంటే అరచేతిలో బొబ్బ. నా షుగర్ చేతి స్పర్శను ఎప్పుడు తినేసిందో నాకే తెలియదు.

కృష్ణగిరిలో ఇంగ్లిష్ బి.ఎ. చదివే నా కూతురు బొబ్బకు మందు రాస్తూ, "నాయనా, నీ మెయింటెనెన్స్ అనే మాట యాడనుంచి వచ్చిందో తెలుసునా?" అంది. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి, తెనేరే అంటే పట్టుకోవడం అట. చేత్తో పట్టుకుని ఉండటమే మెయింటెయిన్. మాన్యువల్, చేతిరాత ప్రతి అనే మాన్యుస్క్రిప్ట్, ఆఖరికి మాన్యుఫ్యాక్చర్ కూడా ఆ చేతి సంతానమే. ఇంత సంతానాన్ని మోసిన చెయ్యి అలిసిపోక ఏం చేస్తుంది అనుకున్నాను. బొబ్బ ఎట్లా వచ్చిందంటే టీ ఒలికిందని చెప్పాను. ఫ్యాక్టరీలో నిజం తెలిస్తే నన్ను తీసుకెళ్లి గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెడతారు. సిగ్గుగా ఉంది. అబద్ధం మోయడానికి కూడా ఓపిక కావాలి, అది నాకు లేదు.

నిన్న పొద్దున అదే మెషీన్. బేరింగ్ మార్చాం, రాత్రి షిఫ్టంతా నడిచింది. దాన్ని నడిపే, అత్తిముగం ఊరి నుంచి వచ్చే ఆమె ఎప్పటిలాగే స్విచ్ దగ్గర నిలబడింది.

"చూసినారా అన్నా? ఆన్ చేసేదా?"

నేను సరే అంటే తప్ప ఆమె స్విచ్ నొక్కదు. నా అరచెయ్యి బేరింగ్ మీదే ఉంది. ఐదు దాటింది.

"నా చేతికి తెలిసేది లేదమ్మా. ఈడ నువ్వొకసారి పెట్టి చూడు."

ఆమె నా ముఖంలోకి చూసి, నా చేతి పక్కనే తన చెయ్యి ఆనించింది. రెండు అనకముందే లాక్కుంది. తరువాత నా మణికట్టు పట్టుకుని, నా చేతిని కూడా ఆమే తీసింది.