నాలుగడుగుల మంచం

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఒకసారి చూసినదాన్ని నమ్మను. రెండోసారి చూస్తాను, మూడోసారి చూస్తాను... అప్పటికీ అనుమానపడడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని చెప్తున్నాను. ఇది కల కాదు. ఎవరో చెప్పగా విన్నదీ కాదు. నల్లగండ్లలో, ఏడో అంతస్తులో, నా చేతులతో నేను రంగు వేసుకున్న గదిలో జరిగింది. నమ్మకపోయినా సరే... మధ్యలో మాత్రం నవ్వకండి.

ముందు మమత గురించి చెప్పాలి.

మాది అనంతపురం. మమతది చేవెళ్ల దగ్గర పల్లె. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నాకు డెంగీ వచ్చినప్పుడు, మా అమ్మ ఊరి నుంచి వచ్చేదాకా రెండు రాత్రులు ఆసుపత్రిలో కుర్చీ మీద కూర్చున్నది మమతే. ఆరేళ్ళ స్నేహం. తను చెప్పిందంటే నేను మళ్ళీ చూసుకునేదాన్ని కాదు. నా జీవితంలో అలా నమ్మిన మనిషి తనొక్కతే.

పోయిన వేసవిలో ఫోన్ చేసింది.

"సుజీ, ఇంకెన్ని దినాలుంటవే ఆ హాస్టల్ల? నా ఫ్లాట్ల చిన్న బెడ్‌రూమ్ ఖాళీగనే ఉన్నది. వస్తవా?"

నానక్‌రామ్‌గూడ హాస్టల్లో గదికి నలుగురం. నా తల మీద ఎప్పుడూ ఎవరిదో తడి తువ్వాలు వేలాడుతుండేది. ఒక తలుపు, ఆ తలుపుకి లోపలి నుంచి నేను వేసుకునే గడియ... నాకు కావలసింది అంతే. ఆ శనివారమే వెళ్ళి చూశాను.

చిన్న గది. ఆరడుగులకి పది. ఒక కిటికీ, గోడలోకి ఒక బట్టల అల్మారా. గోడలు మాసిపోయి ఉన్నాయి. "రంగేద్దాం తియ్, నేనున్న గద" అంది మమత.

నిజంగానే ఉంది. లేత పెసర రంగు ఎంచుకున్నాం. రెండు ఆదివారాలు రోలర్లు పట్టుకుని మేమే వేశాం. కర్టెన్లకి నారాయణపేట చేనేత గుడ్డ తెచ్చి తనే కుట్టింది. కిటికీ పక్కన మడత బల్ల. గోడకి రెండు అరలు. తలాపున పసుపు వెలుగు దీపం. గది చిన్నది కాబట్టి మూడడుగుల మంచం చాలన్నాను. మమత ఒప్పుకోలేదు.

"ఇరుకైతదే. నాలుగడుగులది చేయించుకో."

వడ్రంగి యాదగిరి చేత అదే చేయించింది. దాన్ని గోడకి ఆనించి వేశాక, నడవడానికి ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. అయినా నాకెంత ముచ్చటేసిందో! ఫొటో తీసి అమ్మకి పంపాను. రంగు వాసన పోయేదాకా హాల్లో సోఫా మీద పడుకున్నాను. తర్వాత ఒక గురువారం... మొదటిసారి నా గదిలో పడుకున్నాను.

గడియ వేశాను. ఇది గుర్తుంచుకోండి. హాస్టల్ అలవాటు... వేసి, ఒకసారి లాగి కూడా చూశాను.

ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. ఒక చప్పుడుకి మెలకువ వచ్చింది.

టిక్...

కాసేపాగి... టిక్...

అల్మారాలో హ్యాంగర్ల చప్పుడు. చీర కోసమో చున్నీ కోసమో వెతికేటప్పుడు ఒక్కో హ్యాంగర్‌నీ పక్కకి జరుపుతాం చూడండి... అలా. తొందర లేదు. ఒకటి జరిపి, చూసి, ఇంకొకటి. నేను కళ్ళు తెరవలేదు. మమత నా చున్నీ ఏదో తీసుకుంటోంది అనుకున్నాను. నిద్రలో ఉన్నదానికి అంతకంటే ఏం తోస్తుంది?

చప్పుడు ఆగింది.

పరుపు దిగింది. నా నడుము దగ్గర... మనిషి కూర్చుంటే దిగినట్టు... మెల్లగా...

"జర జరుగు."

ఆడగొంతు. నిద్ర మత్తులో ఉన్న గొంతు. బెదిరింపు లేదు, ఏడుపు లేదు. అక్కాచెల్లెళ్ళు అడిగినట్టు అడిగింది.

నేను జరిగాను.

అవును... జరిగాను. గోడ వైపుకి జరిగి, "నీ గదిలో ఏసీ పాడైందా ఏమే" అని గొణిగాను కూడా. నా వీపుకి ఒక వీపు ఆనింది. చల్లగా ఉంటుందంటారు కదా ఇలాంటివి? చల్లగా లేదు. వెచ్చగా ఉంది. ఊపిరికి కదులుతోంది.

అప్పుడు... హాల్లో మమత దగ్గింది.

ఆ వారమంతా తనకి పొడి దగ్గు. ఎక్కడ విన్నా గుర్తుపడతాను. తలుపుకి అవతల దగ్గింది. రెండుసార్లు.

నా వీపు వెనుక ఊపిరి ఆగిపోయింది. అదీ ఆ దగ్గుని వింటున్నట్టు...

నాకు గడియ గుర్తొచ్చింది.

నేనున్నది గోడ వైపు. బయటికి రావాలంటే దాన్ని దాటాలి. ఎంతసేపు అలా ఉన్నానో... చివరికి కాళ్ళ వైపుకి పాక్కుంటూ జరిగాను. మోకాళ్ళకి ఏదో తగులుతుందని చూస్తున్నాను. ఏదీ తగల్లేదు. ఉత్త దుప్పటి. తగలకపోయేసరికి ఇంకా ఎక్కువ భయం వేసింది. తలుపు తడిమాను. గడియ వేసే ఉంది. నేను వేసినట్టే. రెండు చేతులతో లాగి, హాల్లోకి పడ్డాను.

లైట్ వెలుగుతోంది. మమత నేల మీద కూర్చుని ఉంది. సరిగ్గా నా తలుపుకి ఎదురుగా. శాలువా కప్పుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని... చాలాసేపటి నుంచి కూర్చున్న మనిషిలా. ఏమైందని అడగలేదు. లేవలేదు.

"జరుగుమన్నదా నిన్ను?" అంది.

ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. భయం లేదు అందులో. జాలీ లేదు. బరువు దిగిన ముఖం అది. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతోంది.

"నేను పిచ్చిదాన్ని గాదు సుజీ... నేను పిచ్చిదాన్ని గాదే..."

భయపడితే మా ఊరి మాటే వస్తుంది నాకు.

"నాకెందుకు చెప్పల్యా నువ్వు?"

"వచ్చిన కొత్తల ఆ గదిల నాలుగు నెలలు పండుకున్న. అమ్మకు చెప్పినా, డాక్టర్‌కు చెప్పినా. పని టెన్షన్ అన్నరు. గోలీలిచ్చిన్రు. ఇగ నాకే అనుమానమొచ్చింది... నా తలకాయనే ఖరాబైందేమో అని."

"అందుకని నన్ను పడుకోబెడతావా ఆడ?"

"చెప్పి పండబెడితే, నేను చెప్పినందుకే నీకట్ల అనిపించింది అందురు. చెప్పకుంటెనే గద తెలిసేది?" నా చెయ్యి పట్టుకోబోయింది. "నువ్వైతే అబద్ధం చెప్పవే. అందుకే నిన్ను పిలిచిన."

పెసర రంగు, కర్టెన్లు, ఆ రెండు ఆదివారాల నవ్వులు... అన్నీ నన్ను ఆ గదిలో పడుకోబెట్టడానికే. మంచం దగ్గర పట్టుబట్టింది కూడా... ఇద్దరికి సరిపోవాలని. అది అర్థమయ్యాక నాకు గదిలో ఉన్నదాని మీద భయం పోయింది. నా ఎదురుగా కూర్చున్నదాని మీద మొదలైంది.

తెల్లారేదాకా ఇద్దరం హాల్లోనే ఉన్నాం.

పొద్దున యాదగిరి వచ్చాడు, కిటికీ రెక్క ఒకటి సరిచేయడం మిగిలిపోతే. ఉండబట్టలేక అడిగాను, ఈ ఇంట్లో ఇదివరకు ఎవరైనా పోయారా అని.

"గట్లెందుకు అడుగుతున్నవమ్మా? ఈ బిల్డింగ్ లేసినప్పటి సంది నేనీడనే పని చేస్తున్న. ఓనర్ దుబాయిల ఉంటడు. మమతమ్మ వచ్చేదాకా తాళమే ఉండె. ఎవ్వలు సావలే, అసలు ఎవ్వలు ఉండనే లే."

అదీ సంగతి. కథ లేదు. పేరు లేదు. ఇదివరకు ఎవరూ ఉండని ఇంట్లో... జరగమన్న ఆ మనిషి ఎవరు? ఒక్కోసారి అనుకుంటాను, మమత భయమే ఎలాగో నాకు అంటిందేమో అని. కానీ తను నాకు ముందు ఒక్క మాటా చెప్పలేదే? మరి అదే మాట నేనెలా విన్నాను? ఎన్నిసార్లు తిరగేసి చూసినా నాకు తేలలేదు. ఇప్పుడు హఫీజ్‌పేట్‌లో మా పిన్నివాళ్ళింట్లో ఉంటున్నాను. పిన్ని కూతురు పక్కలో పడుకుంటుంది. అది నిద్రలో నన్ను తోసినా లేచి లైట్ వేస్తాను.

ఒక్క మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజే సూట్‌కేస్ సర్దుకుని లిఫ్ట్ ఎక్కాను. మమత చెప్పులు లేకుండా లిఫ్ట్ దాకా పరిగెత్తుకొచ్చింది.

"నన్ను గూడా తీస్కపోవే సుజీ. ఒక్కదాన్ని ఉండలేనే ఈడ. తప్పయిందే..."

ఆసుపత్రి కుర్చీలో రెండు రాత్రులు కూర్చున్న మనిషి. నాకు అది గుర్తుంది. అప్పుడు కూడా గుర్తుంది. తలుపులు ఆపే బటన్ నా వేలి పక్కనే ఉంది.

నేను నొక్కలేదు. తలుపులు మూసుకుంటుంటే తన ముఖం సన్నబడుతూ, సన్నబడుతూ... కింద గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేసింది.