కూలి అని నేను రాసిన చీర

1955లో నేను కర్నూలులో ఒక ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచిలో క్లెయిముల గుమాస్తాను. రాజధాని వచ్చిన కొత్త కాబట్టి సర్కారు ఆఫీసులే గుడారాల్లో నడిచేవి. మాకు మాత్రం ఒక పాత మిద్దె మీద రెండు గదులు దొరికాయి. వస్తువు పోయిందని ఎవరైనా క్లెయిము, అంటే నష్టం ఇమ్మని అర్జీ, పెడితే వెళ్లి విచారించి సర్వే రిపోర్టు రాయడం నా పని. ఆ కాగితాన్ని బట్టే కంపెనీ ఇచ్చేదీ, ఎగ్గొట్టేదీ.

ఇంటి సామాను పాలసీ ఇల్లు దాటితే చెల్లదని చాలామంది అనుకుంటారు. మా పాలసీలో అట్లా కాదు. వస్తువును నాలుగు రోజులకని చుట్టాలింటికి తీసుకుపోయినప్పుడు అక్కడ దొంగలు పడినా పూచీ కంపెనీదే. ఒకటే మెలిక, దాన్ని సంపాదన కోసం తీసుకుపోయి ఉండకూడదు.

ఓర్వకల్లు శివారెడ్డిగారి భార్య ఓబులమ్మ కుట్టుమిషను అట్లాగే పోయింది. చేత్తో తిప్పే చిన్న మిషను. కల్లూరులో వాళ్ల పెద్దమ్మ మనవరాలి పెండ్లికి వారం ముందే దాన్ని బండిలో పెట్టుకొని వెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్లందరికీ రైకలు కుట్టింది. ముహూర్తం అయ్యాక అందరూ పందిట్లో విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు ఎవరో నడిమింట్లోంచి ఎత్తుకుపోయారు.

నేను విచారణకు ఓర్వకల్లు వెళ్లాను. ఎండన పడి వచ్చానని ఆమె మజ్జిగ ఇచ్చింది. నేను అక్కా అని వరస కలిపాను. పెండ్లి ఎట్లా జరిగింది, ఎవరెవరు వచ్చారని మాటల్లో పెట్టి, మధ్యలో అడిగాను.

"అన్ని రైకలు ఊరికే కుట్టినావా అక్కా? ఏమన్నా ఇచ్చిరా?"

"శానా బాగ చూసుకున్న్యారప్పా. వచ్చేటప్పుడు చీర పెట్టి, ఒడి నింపి పంపిచ్చిరి," అంది. లోపలికి పోయి పెట్టెలోంచి ఆ చీర తెచ్చి మురిపెంగా చూపించింది కూడా.

రిపోర్టులో నేను రాసింది ఇది: కుట్టుపనికి ప్రతిఫలంగా చీర పుచ్చుకొనెను.

పెండ్లికి పోయిన ఆడబిడ్డను చీర పెట్టకుండా పంపే ఇల్లు మా సీమలో ఉండదు. ఆ సంగతి నాకు తెలియదా? తెలిసే రాశాను. నా రిపోర్టులన్నీ జనం వైపే మొగ్గుతున్నాయని మేనేజరు సణుగుతున్నాడు, నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ వాక్యం చదివి ఆయన నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను. ఇప్పుడు ఆ పొంగు తలచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

చిన్న క్లెయిములు మా బ్రాంచిలోనే తేల్చేవాళ్లు. క్లెయిము చెల్లదని మేనేజరు సంతకంతో ఇంగ్లీషులో ఉత్తరం పోయింది. ఊళ్లో బడి అయ్యవారు దాన్ని అరుగు మీద నలుగురి ముందు చదివి, ఓబులమ్మ కూలికి కుట్టిందని రాశారని అర్థం చెప్పాడు. ఆ మాట కల్లూరుకూ చేరింది. మేము ప్రేమతో పెట్టిన చీరను కూలి అని చెప్పుకుందా అని పెద్దమ్మ ఇంటివాళ్లు రాకపోకలు మానేశారు.

పదిహేను రోజులకు ఓబులమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. శివారెడ్డిగారు కిందనే నిలబడ్డారు, పైకి రాలేదు. ఆమె గొంతు పెంచలేదు.

"మిషను పాయ, పోనీలేప్పా. నేను కూలికి పోయినానని రాసినావు గదా, అదొక్కటి కొట్టెయ్యి. మా పెద్దమ్మ నా మొగం చూసేది లేదంటాండాది."

రిపోర్టు మద్రాసు హెడ్డాఫీసుకు వెళ్లిపోయిందని, ఇక నా చేతుల్లో లేదని చెప్పాను. అబద్ధం. అది ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది, ఆ నెల తేల్చిన ఫైళ్లతో కలిపి మర్నాటి టపాలో పోవాలి.

"నీ పెండ్లాము సుట్టాల పెండ్లికి పోతే చీర పెట్టరా?" అని అడిగింది.

పెడతారన్నాను.

"అది కూలేనా?"

నేను ఫైలు తిప్పుతున్నట్టు నటించాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

తర్వాత చాలా ఏళ్లు ఆ పనే చేశాను. ఎవరు ఏం చెప్పినా వాళ్ల మాటల్లోనే రాసి, వాళ్లకు చదివి వినిపించి, అప్పుడే సంతకం చేసేవాణ్ణి. నిజాయితీ గల మనిషని పేరు కూడా వచ్చింది. ఓబులమ్మ రిపోర్టులోనూ వెతికితే అబద్ధం దొరకదు. రైకలు కుట్టడం నిజం, చీర పెట్టడం నిజం. ఆ రెంటి మధ్య 'ప్రతిఫలంగా' అన్న మాట ఒక్కటే నాది. దాన్ని కొట్టేయమని ఆమె అడిగినప్పుడు కలం నా చేతిలోనే ఉంది.