టీచరుగారి ఉత్త చెరువు

గుడివాడ దాటితే ఎటు చూసినా చేపల చెరువులే. వాటి మధ్య తన అరెకరం పల్లాన్ని తవ్వించి, ఒక్క చేపపిల్లనైనా వెయ్యకుండా ఉత్త నీళ్లు పెట్టారు రత్నకుమారి టీచరు. ఊరంతా నవ్వి 'ఉత్త చెరువు' అని పేరు పెట్టింది. ఆవిడ పోయి ఏడాదైనా ఆ పేరు పోలేదు.

ఒడ్డున తుంగ నాటారు. గట్టున తుమ్మల్ని కొట్టనివ్వలేదు. కప్పలు వాటంతటవే వచ్చాయి. తర్వాత తూనీగలు, నీటికోళ్లు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి కదా, ప్రతి సోమవారం చెరువు చుట్టూ తిరిగి ఏవి ఎన్ని కనిపించాయో, ఏ వేళకు ఎక్కడ వాలాయో నోటుబుక్కులో రాసుకునేవారు.

ఆ సంగతులు అడిగేది పక్క చెరువుల కాంతారావు ఒక్కడే. తవ్వడానికి పొక్లెయిన్ పంపిందీ అతనే.

"ఏం చెల్లెమ్మా, ఈ వారం చుట్టాలెంతమంది?"

"నీటికాకులే నూటయాభై అన్నయ్యా! పొద్దుగూకే వేళకి ఉత్తరపు గట్టు తుమ్మల మీద దిగుతున్నాయి. గూళ్లకి పుల్లలు కూడా మోస్తున్నాయి."

"ఓర్నీ! మీ స్కూల్లో ఎప్పుడైనా ఇంత హాజరుందా?"

ఆవిడ పడీపడీ నవ్వారు. అడక్కపోయినా ఇంకో పేజీ తిప్పి చూపించారు.

పై సోమవారం పొద్దున్నే వెళ్లేసరికి ఆ తుమ్మల నిండా వలలు. వలల్లో రెక్కలు మెలిపడి చచ్చిన నీటికాకులు.

కాంతారావు తన గట్టున మేత బస్తాలు దింపిస్తున్నాడు. దాచనైనా దాచలేదు.

"నా చేపలు తిని నీ దగ్గర పడుకుంటున్నాయి చెల్లెమ్మా. రెండేళ్లు టపాసులు కాల్చీ కాల్చీ విసిగిపోయా. నువ్వు చెప్పాకే పని తేలికైంది."

"పొక్లెయిన్ పంపింది ఇందుకా?"

"అన్నీ ఒకచోట చేరితే మంచిదే కదా అనుకున్నా. వలలు ఇంకో వారం ఉంటాయి. ఆ గట్టు ఉమ్మడిది, నువ్వు కాదనలేవు."

"సరేనండీ కాంతారావు గారూ."

ఆవిడ అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు.

సాయంత్రం మిగిలిన నీటికాకులు బారులుగా వచ్చాయి. టీచరు గట్టెక్కి, స్టీలు పళ్లేన్ని గరిటెతో బాదడం మొదలుపెట్టారు. దిగబోయినవి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ దిగబోయాయి. కొన్నిటి ముక్కుల్లో పుల్లలున్నాయి. "పొండి! ఇక్కడికి రావద్దు, పొండి!" అని గొంతు పోయేలా అరుస్తూ, ఆఖరి పక్షి కనుమరుగయ్యేదాకా ఆవిడ బాదుతూనే ఉన్నారు.