మాల చాటున ఏడాది

ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలేనాటికి నాకు యాభై నాలుగేళ్లు. తరిగొప్పుల బడిలో సోషల్ చెప్పేవాణ్ణి, కాపురం జనగామలో. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. డిశ్చార్జి రోజు డాక్టర్ నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి, నరాలు తేరుకోవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుందని, అప్పటిదాకా అంగం గట్టిపడటం కష్టమని, వీర్యం మాత్రం ఇక రాదని చెప్పాడు. అలాగని ఊరికే వదిలేయొద్దన్నాడు. గోలీలు రాసి, గాలి లాగే పంపు ఒకటి కొనిపించాడు. నేను దాన్ని తెచ్చి బీరువాలో పాత సర్టిఫికెట్ల వెనక పడేశాను.

నా భార్య పక్కన పడుకోవాలంటేనే భయం పట్టుకుంది. నిద్రలో ఆమె చెయ్యి మీద పడితే చాలు, చదవకుండా పరీక్షకొచ్చిన పిల్లాడిలా చెమటలు పట్టేవి. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్నాను. నల్లబట్టలు, నేలమీద చాప, నలభై ఒక్క రోజుల బ్రహ్మచర్యం. మాలలో ఉన్నవాణ్ణి భార్య కూడా స్వామీ అనే పిలవాలి. బతికి బయటపడ్డందుకు మొక్కు తీర్చుకుంటున్నాననుకుని అందరూ మెచ్చుకున్నారు. శబరిమల నుంచి వచ్చి మాల తీశాక మూడు నెలలు నడుంనొప్పి పేరు చెప్పి నెట్టుకొచ్చాను. ఎండలు ముదిరేసరికి, ఈసారి హనుమాన్ మాల వేసుకుంటానని కాషాయం పంచె కొనుక్కొచ్చాను.

ఆమె ఆ పంచె నా చేతుల్లోంచి గుంజుకుంది.

“దేవుండ్లను గిట్ల అడ్డం పెట్టుకుంటవా? నీకేమైందో నాకెర్క లేదనుకున్నవా? బీరువ సదిరేది నేనే గద!”

నేను పంచె కోసం చెయ్యి చాపాను, ఆమె ఇవ్వలేదు.

“లేస్తదా లెవ్వదా అని నేనెన్నడన్న అడిగిన్నా? నువ్వు నా దిక్కు సూస్తనే లేవు. గదే నా బాధ.”

సిగ్గుతో చచ్చిపోయాను. నా పిరికితనానికి ఇద్దరు దేవుళ్లను కాపలా పెట్టిన మొనగాణ్ణి నేను! ఆ రోజే గోలీలు మొదలుపెట్టాను. పంపు బయటికి తీస్తే ఆమె పడీపడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. మొదటి రెండు నెలలు పంపుతో లేచినా అది నాది కాదన్నట్టే ఉండేది. కోరిక జాడే లేదు, పిల్లలతో డ్రిల్లు చేయించినట్టు చేసేవాణ్ణి. అయినా ఒక్క వారం మానలేదు. జబ్బు తీసుకుపోయింది చాలు, ఇది మాత్రం ఇచ్చేది లేదని మొండికేశాను.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం అందరం సమ్మెకు దిగాం. బళ్లు మూతపడ్డాయి. ఒక రోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు, అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకు తినడం. నా భార్య కొంగు నడుముకు బిగించి గుండిగలో పప్పు కలుపుతోంది. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి, మెడ మీద చెమట. పక్కావిడతో ఏదో అని పకపకా నవ్వింది. నినాదాలిస్తున్న మా టీచర్ల మధ్య నిలబడి నేను నోరు మెదపడం మరిచిపోయాను. ఏడాది దాటాక మొదటిసారి నాకు ఆమె కావాలనిపించింది. ఎంత సంతోషమేసిందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిని ఇంటికొచ్చాం. పట్టపగలే తలుపు గడియ పెట్టాను.

“నాకు నువ్వు కావాలె,” అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

“మల్ల పరేషాన్ అయితవేమో?” అంది ఆమె మెల్లగా.

“అయితే అయిత.”

ఆ మధ్యాహ్నం సగమే గట్టిపడింది. నేను ముఖం తిప్పుకోలేదు.