ఉప్పు వేసే చెయ్యి

“మగ్గముండే ఇంటి కోడలు గరిటె పట్టుకొని ఊరూరా తిరగాల్నా తిమ్మన్నా? ఇంగ ఆ మాట ఈడ ఎత్తొద్దు” అంది గంగాదేవి, రాట్నం ఆపకుండానే.

తిమ్మయ్య చౌడేశ్వరి గుడికి పెద్ద. కమలాపురానికి అవతలనున్న ఆ నేతగాళ్ల ఊళ్లో ఆయన ఎవరి గడప తొక్కినా ముందు చెంబుతో మంచినీళ్లు వస్తాయి. ఆ రోజు అవి కూడా రాలేదు. ఆయన తెచ్చిన మాట గంగాదేవికి అంత కంటగింపయింది. ఆయన కూతురు ప్రణీత పెళ్లికి వంట మొత్తం గంగాదేవి కోడలు శివలీల తన పేరుమీదనే ఒప్పుకోవాలని అడిగాడు.

“నేను తిరగడం ఇప్పుడేమన్నా కొత్తనా అత్తా? తొమ్మిదేండ్లుగా శేషన్న ఎంట పోతానే ఉండా గదా” అంది శివలీల.

“అది కూలి. తల వంచుకొని పోతావు, తల వంచుకొని వస్తావు. మాస్టరు పని అట్ల కాదు, మొగోళ్లమీద అరవాల. మొగుడు లేనోళ్లు చేసుకునే పని అది. నా కొడుకు బతికే ఉండాడు, అదో, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని.”

ధనుంజయ పోగును నడిపే నాడెను ఒక్క క్షణం ఆపి మళ్లీ విసిరాడు. ఇంట్లో ఏ తగవు వచ్చినా ఆయన వెలిబుచ్చే అభిప్రాయం అంతమాత్రమే.

“శేషన్న ఉండంగ నన్నెందుకు అడుగుతాండావు మామా?” అంది శివలీల.

“పోయిన యేడు బనగానపల్లె పెండ్లికి నువ్వు జరంతో రాలేదు. ఆ పొద్దు చిత్రాన్నం నోట్లో పెట్టుకోలేకపోయినాం. నువ్వుండే పూట ఒక తీరు, లేని పూట ఇంకొక తీరు. కారణం నాకు తెలీదు గానీ నాలిక ఉండాది గదా. అమ్మోరి పండగ అయిపోనీ, ఆలోచన చేసుకొని చెప్పు.”

తిమ్మయ్యకు తెలియని ఆ కారణం లోకంలో ఇద్దరికే తెలుసు: శివలీలకు, శేషన్నకు.

శేషన్న ఆత్మకూరు దాకా పేరున్న వంటమాస్టరు. దేవుడికి నైవేద్యం పెట్టేవరకు పొయ్యిమీది పదార్థాన్ని ఎవరూ నోట వేసుకోకూడదన్నది వాళ్ల కట్టుబాటు. అందువల్ల ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసనను బట్టి చెప్పవలసిందే. ఉప్పు వేసే చెయ్యి కూడా ఒక్కటే ఉండాలి, అది మాస్టరుది. తరిగేవాళ్లూ రుబ్బేవాళ్లూ ఉప్పు డబ్బాను తాకరు. కరోనా యేడు శేషన్న పద్నాలుగు రోజులు జ్వరంతో పడి లేచాడు. ప్రాణం దక్కింది గానీ వాసన దక్కలేదు. ఒకనాడు తాలింపు కళ్లెదుటే మాడి పొగచూరుతున్నా ఆయన దానిమీదికి వంగి తాపీగా నిలుచుండడం శివలీల చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు.

అప్పటినుంచి వాళ్ల మధ్య మాటల్లేని ఒక ఏర్పాటు నడిచింది. ఉప్పు వేసే వేళకు ఆయన “ఏయ్, వచ్చి మూత పట్టుకో” అని అరుస్తాడు. ఆమె మూత పట్టుకొని ఆవిరికి ఎదురుగా నిలబడుతుంది. ఉప్పు సరిపోగానే “మూత పెట్టమంటావా అన్నా?” అంటుంది. ఆయన చెయ్యి అక్కడ ఆగుతుంది. ఆమెతో అవసరం పెరిగినకొద్దీ ఆయన నోరు కూడా పెరిగింది. నలుగురిలో ఆమెను తిట్టకుండా ఒక్క పూట వంట ముగిసేది కాదు. తిట్టు తిన్న రాత్రి శివలీలకు నిద్ర పట్టకపోయినా, తెల్లవారి పొయ్యి దగ్గరికి పోవాలంటే మాత్రం కాళ్లు వాటంతటవే కదిలేవి. మగ్గం దగ్గర ఆమెకు ఆ హుషారు ఏనాడూ రాలేదు.

తిమ్మయ్య మాట సాయంత్రానికల్లా శేషన్న చెవిని పడింది.

పండగ పొద్దున గుడి వెనక వంటపందిట్లో ఆమె అడుగు పెట్టగానే ఆయన చేతులు జోడించాడు. “రా మాస్టరమ్మా. నువ్వు రాకుండా పొయ్యి అంటిస్తే తప్పని కాచుకోని ఉండాం.”

పొయ్యిల దగ్గరుండే భూపేష్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

“నేనింకా ఒప్పుకోలేదన్నా.”

“ఒప్పుకుంటే ఏమి, ఒప్పుకోకుంటే ఏమి? వంకాయలు తరిగేది నేర్పిస్తే నా మెడ తరిగేదానికి వచ్చినావు. పో, వెనక కూర్చోని టెంకాయలు తురుము. పొయ్యికాడ నీ నీడ పడిందంటే బాగుండదు.”

ఆమె వెనక్కి పోయి కూర్చుంది. ఓళిగలకు ఉడికించిన శనగబేళ్లనుంచి వంచిన కట్టుతో పెద్ద గుండిగలో చారు మరుగుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఆవిరి ఆమెను తాకిపోతోంది. శేషన్న కల్లుప్పు వేశాడు, ఆవిరి మెత్తబడింది. సరిపోయింది. ఆ మాట ఆమె నాలుక చివరికి వచ్చింది గానీ, వినవలసినవాడు పిలవలేదు.

“ఉప్పు చాలునా మామా?” అని అడిగాడు భూపేష్.

“నాకు నువ్వు చెప్తావా?” అన్నాడు శేషన్న. అన్నాడే గానీ, చాలని చెప్పే గొంతు పక్కన లేకపోయేసరికి ఆయనకు నిలకడ తప్పింది. ఇంకో రెండు పిడికెళ్లు వేశాడు. కాసేపాగి మళ్లీ వేశాడు. ఈసారి వచ్చిన ఆవిరి శివలీల గొంతులో గరగరమని అడ్డుపడింది.

ఆమె తురుముతూనే ఉంది. ఇంకో అరగంటలో నైవేద్యం, ఆపైన ఐదొందల విస్తళ్లు. తాను నోరు మెదపనక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా శేషన్న పేరు ఊరవతల పడుతుంది. తొమ్మిదేళ్ల తిట్లకు అది చాలదా? ఒక చిప్ప తురిమినంతసేపూ ఆమె ఆ ఆలోచనను వదల్లేదు. అది ఆమెకు తియ్యగానే ఉంది. రెండో చిప్ప చేతిలోకి తీసుకుంది గానీ తురమలేకపోయింది. ఆ చారును విస్తళ్లలో పడనివ్వడం ఆమె వల్ల కాలేదు. కొంగు బిగించి లేచింది.

“అన్నా, కట్టు ఇంకేమన్నా మిగిలిండాదా?”

“ఎందుకు?”

“చారులో పొయ్యాల. ఉప్పు మూడు తూర్లు పడింది.”

శేషన్న గరిటె ఆపాడు. పందిట్లో ఉన్న పదిమంది వినేటట్టుగా, “నైవేద్యానికి ముందరే ఎంగిలి చేసినావా మే?” అన్నాడు.

అంతకు మించిన నింద ఆ పందిట్లో మరొకటి లేదు. తరిగే ఆడవాళ్లు కత్తిపీటలు వదిలేసి లేచారు.

“ఎంగిలి చెయ్యలేదు. వాసన వచ్చింది.”

“ఆడ కూర్చున్న నీకు వస్తే, ఈడుండే నాకు రాదా?”

ఆ ప్రశ్న నోటినుంచి జారిన తరువాత గానీ తానేం అడిగాడో ఆయనకు తెలియలేదు. ముఖం పాలిపోయింది. అందరూ శివలీల నోటివంకే చూస్తున్నారు. రాదు అన్న రెండక్షరాలు ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తన నింద అక్కడికక్కడే తొలగిపోతుంది. ఆయన బతుకూ అక్కడికక్కడే తీరిపోతుంది.

“పొగంతా నీ పక్కకే కొడతాండాది. దాంట్లో ఎవురికి తెలుస్తాదన్నా?” అంది.

ఆయన ఆ మాటను పట్టుకొని గట్టెక్కవచ్చు. పట్టుకోలేదు. ఆమె చేసిన మేలు ఆయనకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. గరిటెను నేలకు విసిరాడు. “అట్లయితే నువ్వే చేసుకో. ఏ మాట పడినా నువ్వే పడు” అని తువ్వాలు దులుపుకొని పందిరి దాటి వెళ్లిపోయాడు.

“భూపేష్, కట్టెలు వెనక్కి లాగు.”

“మాస్టరు చెప్పాల.”

“మాస్టరు పోయినాడు. నువ్వు లాగుతావా, నన్నే లాగమంటావా?”

గొణుక్కుంటూనే లాగాడు. ఆమె చారును రెండు గుండిగలకు పంచి, మిగిలిన కట్టునూ వేన్నీళ్లనూ పోసి, చింతపులుసు పిండి, బెల్లం వేసింది. వేళ మించిపోతోందని పూజారి రెండుసార్లు కబురు పెట్టాడు. ఉప్పు విరిగింది; దాంతోపాటు చిక్కదనమూ పోయింది.

పంక్తిలో ఎవరూ మెచ్చుకోలేదు. ఒక పెద్దాయన విస్తరిలోని చారును వేలితో కదిపి, “బేడ ఒకటి కనబడింది, పిల్చేలోపల మునిగిపాయ” అన్నాడు. పంక్తంతా నవ్వింది. ఎంగిలి చేసిందట అన్న గుసగుస కూడా ఆ నవ్వు వెనకనే పాకింది. గంగాదేవి అందరికీ వినబడేటట్టుగా, “మా ఇంట్లో అయితే ఇంతకంటే చిక్కగా కాస్తాది” అంది. అది దెప్పో వెనకేసుకురావడమో అక్కడివాళ్లెవరికీ అంతు పట్టలేదు.

మర్నాడు శేషన్న గంగాదేవి ఇంటికి వచ్చాడు. గడప ఎక్కలేదు. శివలీలను గోడ పక్కకు పిలిచాడు.

“నా ముక్కు సంగతి ఎవురికన్నా చెప్పినావా?”

“లేదు.”

“ఎందుకు చెప్పలేదు? నాలుగు రోజులు గుప్పిట్లో పెట్టుకొని ఆడిద్దామనా?”

“చెప్పబుద్ధి కాలేదు. ఇంగ మీదట కూడా చెప్పను.”

ఆయన గొంతు కొంచెం తగ్గింది. “ఎల్లుండి కమలాపురంలో గృహప్రవేశం ఉండాది. పొద్దున్నే రా. మూత పట్టుకుందువు.”

“రానన్నా. నీ ఎంట ఇంగ రాను. ప్రణీత పెండ్లికి నేను ఒప్పుకుంటాండా.”

శేషన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఈ చుట్టుపక్కల నీకు పొయ్యి వెలిగించే మనిషి దొరక్కుండా చేస్తా.”

“చెయ్యి. దొరికేదాకా నేనే వెలిగించుకుంటా.”

ఆయన వెళ్లిపోయాక ఆమె లోపలికి వచ్చింది. “అత్తా, తిమ్మయ్య మామకు సరేనని చెప్తాండా.”

“నన్ను అడుగుతాండావా, నాకు చెప్తాండావా?”

“చెప్తాండా.”

“అయితే నాకెందుకు చెప్పేది? ఊరంతా నా మొగాన ఉమ్మేటప్పుడు తెలుస్తాది లే” అని గంగాదేవి గోడవైపు తిరిగి కూర్చుంది.

శివలీల చీర మార్చుకొని కమలాపురం బస్సెక్కింది. గుండిగలు బాడుగకిచ్చే దుకాణం అక్కడ ఒకటుందని విన్నది. ఆడమనిషి పేరుమీద ఇస్తారో ఇవ్వరో అడిగి తేల్చుకోవాలి.