పెనుకొండ స్టేషన్లో విప్పిన సంగటి మూట

బుక్కపట్నం నుంచి హిందూపురానికి కాపురం మారుస్తా ధర్మవరంలో పొగబండి ఎక్కినాం. టౌన్లో అందరూ వరన్నమే తింటారని విని, రాగిసంగటి మూట కొంగుచాటున దాచుకున్నా. పెనుకొండలో ఆకలికి తాళలేక మెల్లగా విప్పినా.

ఎదురుగా పట్టుచీర కట్టుకున్న పెద్దామె చూసి, "మాకూ ఇంత పెట్టు తల్లీ. హిందూపురంలో మేమూ ఇదే తింటాం. కాకుంటే తలుపేసుకుని తింటాం" అనింది. కిటికీ పక్కనే కూచుని, ప్లాట్‌ఫారం మీది జనం చూస్తాండగానే వేళ్లు నాకుతా తినింది.

కొత్తింట్లో మొదటిరోజు నేను సంగటి గెలుకుతాంటే మా ఆయన వీధి తలుపు మూయబోయినాడు.

"తెరిచే ఉండనీండి" అన్నా.

సంగట్లోకి రోట్లో నూరిన చెనిగ్గింజల ఊరుబిండి వాసన వీధిలోకి పోయింది. ముద్ద పళ్లెంలో పడకముందే పక్కింటామె ఖాళీ గిన్నె పట్టుకుని మా గడప తొక్కింది.