బొట్టు పెట్టిన పెన్ డ్రైవ్

ఆ రోజుల్లో కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో కంప్యూటరంటే ఇంటిల్లిపాదికీ ఉమ్మడి బీరువా. నాన్న కరెంటు బిల్లులు, నా పరీక్షల పాఠాలు, ఎవరివో పెళ్లి ఫోటోలు, అన్నీ అందులోనే. అన్నిటికంటే విలువైనవి నానమ్మ బతుకమ్మ పాటలు. ఆమె పాటలో మా ఇంటివాళ్ల పేర్లు పెట్టి పాడేది. ఇంట్లో ఏ పిల్ల పుట్టినా, ఏ కోడలు వచ్చినా ఓ చరణం పెరిగేది. చివరి చరణం నాది (నా తర్వాత ఇంట్లో ఎవరూ పుట్టలేదు కనక ఆ గౌరవం నాకే మిగిలింది). ఆ పాటలన్నీ నేనే మైకు పెట్టి రికార్డు చేశాను. ఇంకెక్కడా లేవు.

అప్పుడే కంప్యూటర్ ఉద్యోగంలో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంట్లోని పాత ఆపరేటింగ్ సిస్టం మీద నా కన్ను పడింది. అది ఆన్ అయ్యేలోపు అమ్మ చాయ్ పెట్టి, తాగి, గిన్నె కూడా కడిగేది. దాన్ని పూర్తిగా తుడిచేసి కొత్తది వేస్తానని ప్రకటించాను. ముందుజాగ్రత్తగా అందరి సామాన్లూ ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇంకో కాపీ కూడా ఉండాలని ఆఫీసులో రోజూ చెప్పేవాళ్లు. ఇంటికి అంత హంగామా ఎందుకులే అనుకున్నాను. మరునాడే దసరా, ఆయుధపూజ అయ్యాక మొదలుపెడితే ఢోకా ఉండదని నాన్న తేల్చాడు.

పూజలో స్కూటరు, కత్తిపీట, అమ్మ కుట్టు మిషను, వాటి సరసన కంప్యూటరు, పెన్ డ్రైవ్. నానమ్మ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. పెన్ డ్రైవ్ మూత తీసి, లోపలి మూతికి తడి పసుపు రాసి, కుంకుమ అద్ది, కలశం నీళ్లు చల్లింది. పైన పెడితే చాలన్నాను.

"పాటలు లోపలున్నయంటివి గద బిడ్డా. పైన బొట్టు పెడితే ఏం లాభం?"

నాకు ముద్దొచ్చింది. (కంప్యూటర్ చదువు చదివినదాన్ని, అంతా కళ్లారా చూస్తూ చేతులు జోడించుకుని నిలబడ్డాను.) అమ్మవారి ముందు పెట్టినవి తెల్లారేదాకా కదపకూడదని మా ఇంటి ఆనవాయితీ. కంప్యూటర్‌కు మాత్రం, మంచి గడియలో నడపాలి కనక, మినహాయింపు దొరికింది. పెన్ డ్రైవ్‌ను అక్కడే వదిలి, పాత సిస్టంను తుడిచేసి, కొత్తది వేసి, ఇంటిల్లిపాది చేత చప్పట్లు కొట్టించుకున్నాను.

మర్నాడు పెన్ డ్రైవ్ పెడితే దాని దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. రిపేరు షాపాయన దాన్ని తుడిచి, వాసన చూసి, ఇది తన వల్ల కాదన్నాడు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే నానమ్మే ఓదార్చింది.

"పాటలు డబ్బాల ఉన్నయా ఏందీ? నా నోట్లె ఉన్నయి. కూసో, మల్ల పాడుత."

పాడించుకుంటే ఆ రోజే అయిపోయేది. కానీ కొత్త సిస్టం మా పాత మైకును గుర్తుపట్టలేదు. ఫోన్లో రికార్డు చేస్తే గొంతు శుభ్రంగా రాదని నా చాదస్తం. నేను ఆఫీసు నుంచి రాగానే నానమ్మ తల దువ్వుకుని, నోట్లోని వక్క ఉమ్మేసి వచ్చి, షురూ చేద్దామా అనేది. జెర ఆగు, మైకు పట్టుకుంటలేదు అనేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆమె మతిమరుపును నేను వయసు అనుకున్నాను. నా బద్ధకాన్ని పని ఒత్తిడి అనుకున్నాను.

మంచి మైకు కొనేసరికి ఇంకో బతుకమ్మ పండుగ వెళ్లిపోయింది. అయినా కూర్చోబెట్టాను. గొంతు చెక్కుచెదరలేదు. తాత పేరు వచ్చింది, నాన్న పేరు వచ్చింది, అమ్మ పేరు వచ్చింది. చివరి చరణం దగ్గర ఆగి, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను మర్యాదగా చూసింది.

"నీ పేరేంది బిడ్డా?"

చెప్పాను. దాన్ని చరణంలో సరిగ్గా ఇమిడ్చి, పాట పూర్తి చేసింది.

నాకు మిగిలింది ఆ ఒక్క పాటే. ఇప్పుడు కంప్యూటర్ కొత్త సిస్టం వేసుకోమన్నప్పుడల్లా ముందు దాన్ని నాలుగు చోట్ల దాచి, సరిగ్గా ఉందో లేదోనని ఒకసారి వింటాను. చరణం మధ్యలో ఒక పెద్దావిడ పేరు అడుగుతుంది. అన్నీ తెలుసనుకున్న ఓ కంప్యూటర్ ఉద్యోగిని ముక్కు చీదుతూ చెబుతుంది. ఆ పిల్ల మీద జాలేసి నవ్వుకుంటాను. మైకు మాత్రం చాలా మంచిది, ముక్కు చీదడం కూడా ఎంత శుభ్రంగా వినిపిస్తుందో.